రబ్బరుకి స్ట్రెస్, స్ట్రెయిన్ లెక్క స్టీలు లెక్కలా ఎందుకు ఉండదు

ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లందరికీ గుర్తుండే చిన్న ప్రశ్న ఒకటుంది, రబ్బరు, స్టీలు రెండిట్లో ఏది ఎక్కువ ఎలాస్టిక్ అని. స్టీలు అని రాస్తాం, మార్కులు పడతాయి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. కానీ లోపల ఒక డౌట్ అలాగే ఉండిపోతుంది, రబ్బరు బ్యాండు నాలుగైదు ఇంతలు సాగి వదలగానే టక్కున వెనక్కొచ్చేస్తుంటే, స్టీలు తీగేమో ఎంత లాగినా కంటికి కనపడేంత కూడా సాగదు, మరి స్టీలు ఎక్కువ ఎలాస్టిక్ ఎలా అయింది అని. చాలా మంచి డౌట్ అది. దాన్ని వదలకుండా పట్టుకుని వెళ్తే తేలే సంగతి ఏంటంటే, స్టీలు వెనక్కి లాగే కారణం వేరు, రబ్బరు వెనక్కి లాగే కారణం వేరు, అసలు సంబంధమే లేనంత వేరు. మన క్లాసుల్లో రెండిటినీ ఒకే ఫార్ములాలో పెట్టి చెప్పేస్తారు కాబట్టి ఈ తేడా దగ్గరికే ఎవరూ పోరు, నాకు బాధనిపించేది అక్కడే.

ముందు రెండు మాటలు సరిగ్గా పెట్టుకుందాం. స్ట్రెస్ అంటే ప్రతిబలం, లాగుతున్న బలాన్ని ఆ వస్తువు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది, యూనిట్ పాస్కల్. స్ట్రెయిన్ అంటే వికృతి, పొడవు ఎంత పెరిగిందో దాన్ని మొదటి పొడవుతో భాగిస్తే వచ్చేది, దీనికి యూనిట్ లేదు. ఈ భాగించడాలన్నీ ఎందుకంటే, సన్న తీగ, లావు తీగ, పొట్టి ముక్క, పొడుగు ముక్క అనే తేడాలు పోయి పదార్థం గుణం ఒక్కటే మిగలాలి, అందుకు. బలం పెరిగితే సాగుడు కూడా అదే లెక్కలో పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి ఓ గూఢలిపిలా అచ్చు వేయించాడు, 1678లో దాని అర్థం బయటపెట్టాడు. స్ట్రెస్‌ని స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చే యంగ్స్ మాడ్యులస్‌కి ఆ పేరు 1807లో థామస్ యంగ్ రాసిన దాని వల్ల వచ్చింది.

స్టీలుకి ఈ మాడ్యులస్ సుమారు 200 గిగాపాస్కల్స్ (ఒక గిగా అంటే వెయ్యి మెగాలు). కార్బన్ కలపని మెత్తటి నేచురల్ రబ్బరుకి, అదీ కొద్దిగా సాగినప్పుడు మాత్రమే, ఒకటి రెండు మెగాపాస్కల్స్. అంటే దాదాపు లక్ష రెట్ల తేడా. పరీక్షలో ఎలాస్టిక్ అనే మాటని ఈ అర్థంలో వాడతారు, ఒకే స్ట్రెయిన్ తెప్పించడానికి దేనికి ఎక్కువ స్ట్రెస్ కావాలో అది ఎక్కువ ఎలాస్టిక్ అని. ఆ లెక్కన స్టీలు కరెక్టే. కానీ ఎంత దూరం దాకా లాగితే చెడకుండా వెనక్కి వస్తుంది అనేది ఇంకో ప్రశ్న, అందులో స్టీలు దగ్గరికి కూడా రాదు. మామూలు మైల్డ్ స్టీలు 250 మెగాపాస్కల్స్ దగ్గర ఈల్డ్ అయిపోతుంది, దాన్ని 200 గిగాపాస్కల్స్‌తో భాగించండి, 0.125 శాతం స్ట్రెయిన్ వస్తుంది. ఒక మీటరు కడ్డీ ఒకటింపావు మిల్లీమీటరు దాటి సాగిందంటే ఇక పూర్తిగా వెనక్కి రాదు. రబ్బరు 400, 500 శాతం దాకా వెళ్లొస్తుంది. ఇంకో మూడో ప్రశ్న కూడా ఉంది, ఎంత శక్తిని దాచుకుంటుంది అని. మైల్డ్ స్టీలు ఈల్డ్ అయ్యేలోపు కిలోకి 20 జౌళ్లు దాచుకుంటే, మెత్తటి రబ్బరు రెండున్నర ఇంతలు సాగేసరికే కిలోకి వెయ్యి జౌళ్ల దాకా దాచుకుంటుంది. స్ప్రింగుల కోసం ప్రత్యేకంగా చేసే స్టీలు మైల్డ్ స్టీలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ దాచుకుంటుంది, అది వేరే సంగతి, అయినా ఉండేలుకి రబ్బరే ఎందుకు కడతారో ఈ లెక్కలో తెలిసిపోతుంది. కాబట్టి ఏది ఎక్కువ ఎలాస్టిక్ అనే ప్రశ్న అసలు ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు.

ఇప్పుడు ఒక ముక్క తీసుకుని లెక్క వేద్దాం. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న మెత్తటి రబ్బరు స్ట్రిప్, పైన బిగించి కింద బరువులు వేలాడదీస్తున్నాం అనుకోండి. 100 గ్రాములు వేస్తే సుమారు 1 న్యూటన్ బలం, దాన్ని 5 చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే 0.2 మెగాపాస్కల్ స్ట్రెస్. ఇలాంటి రబ్బరుకి థియరీ చెప్పే సుమారు పొడవులు చూడండి. 100 గ్రాములకి 12 సెంటీమీటర్లు, 200కి 14.7, 300కి 18.1, 400కి 22, 500కి 26.4. ప్రతిసారీ వేసింది అదే వంద గ్రాములు, కానీ మొదటి వందకి 2 సెంటీమీటర్లు సాగింది, ఐదో వందకి 4 సెంటీమీటర్ల పైన సాగింది. అంటే సాగే కొద్దీ ఇంకా తేలిగ్గా సాగుతోంది, హుక్ చెప్పిన సరళరేఖ మొదట్లోనే ఎక్కడో వంగిపోయింది. ఇక్కడితో ఆగదు, ఇంకా లాగుతూ పోతే నాలుగు ఐదు ఇంతలు దాటాక ఉన్నట్టుండి గట్టిపడిపోతుంది, ఎంత బలం పెట్టినా కొంచెమే కదులుతుంది, రబ్బరు బ్యాండు చివరికంటా లాగినవాళ్లందరి చేతికీ ఈ గట్టిదనం తెలిసే ఉంటుంది. అందుకే రబ్బరు గ్రాఫ్ గీస్తే గీత మొదట కొంచెం నిటారుగా, మధ్యలో వాలుగా, చివర్లో మళ్లీ నిటారుగా లేస్తుంది. ఇలాంటి గీతకి ఒకే ఒక్క యంగ్స్ మాడ్యులస్ చెప్పమంటే ఎక్కడి వాలు చెప్పాలి?

ఇదే స్ట్రిప్‌లో ఇంకో మెలిక. 500 గ్రాములు వేసినప్పుడు స్ట్రెస్ 1 మెగాపాస్కల్ అవుతుంది, కానీ అది మొదటి వైశాల్యంతో భాగించిన లెక్క. పొడవు 2.64 ఇంతలైతే స్ట్రిప్ సన్నబడి, ఇప్పుడు దాని వైశాల్యం 1.9 చదరపు మిల్లీమీటర్లే ఉంటుంది, ఇప్పుడున్న వైశాల్యంతో భాగిస్తే స్ట్రెస్ 2.64 మెగాపాస్కల్స్. మొదటిది ఇంజినీరింగ్ స్ట్రెస్, రెండోది ట్రూ స్ట్రెస్. స్టీలులో ఎలాస్టిక్ హద్దులో ఉన్నంతసేపు ఈ రెండూ ఒకటే అనుకోవచ్చు, సన్నబడేది అంత తక్కువ. పోలిక కోసం చెప్తున్నా, ఇదే 1 మెగాపాస్కల్ స్ట్రెస్ 10 సెంటీమీటర్ల స్టీలు ముక్క మీద పెడితే అది అర మైక్రాన్ సాగుతుంది, తల వెంట్రుక మందంలో నూటో వంతు కూడా కాదు. రబ్బరు దగ్గర మాత్రం ఏ వైశాల్యంతో భాగించారో చెప్పకుండా స్ట్రెస్ చెప్తే ఆ నెంబర్‌కి అర్థమే లేదు.

ఇక లోపలికి వెళ్దాం, అసలు విషయం అక్కడుంది. స్టీలులో ఇనుము పరమాణువులు వరసగా అమరి ఉంటాయి, లాగితే వాటి మధ్య బంధాలు కొద్దిగా సాగుతాయి, అలా సాగడానికి శక్తి ఖర్చవుతుంది, వదిలితే ఆ బంధాలే వెనక్కి లాగుతాయి. రబ్బరులో ఉండేవి పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు, నేచురల్ రబ్బరైతే ఐసోప్రీన్ అనే చిన్న ముక్క వేల సార్లు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడ్డ గొలుసు. ఈ గొలుసులు నిటారుగా ఉండవు, వేడి వల్ల వచ్చే కదలికతో ప్రతి క్షణం అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ముడుచుకుని ఉంటాయి. మనం లాగినప్పుడు ఆ మెలికలు విప్పుకుంటాయి అంతే, బంధాల పొడవు దాదాపు మారదు. మరి బంధాలు సాగకపోతే వెనక్కి లాగుతున్నది ఎవరు?

జాతరలో ఓ పది మంది చేతులు పట్టుకుని వరసగా నడుస్తున్నారనుకోండి, చుట్టూ విపరీతమైన జనం, అటూ ఇటూ తోసుకుంటున్నారు. ఆ వరస నిటారుగా ఎంతసేపు ఉంటుంది? తోపులాటకి వంకర్లు తిరిగిపోతుంది, మొదటి మనిషి, చివరి మనిషి ఒకరికొకరు దగ్గరకొచ్చేస్తారు. వాళ్లని మళ్లీ దూరంగా నిలబెట్టాలంటే రెండు చివర్లా పట్టుకుని లాగి ఉంచాలి, ఆ లాగుడికి ఎదురు వచ్చేది చేతుల బలం కాదు, జనం తోపులాట. తోపులాట పెరిగితే ఇంకా గట్టిగా లాగాలి. రబ్బరు గొలుసుకి ఆ తోపులాట వేడి. నిటారుగా ఉండటానికి గొలుసుకి ఒక్కటే దారి ఉంటే ముడుచుకుని ఉండటానికి కోట్ల కోట్ల దారులున్నాయి, అందుకని వదిలేస్తే ముడుచుకునే వైపే పోతుంది. ఇలా ఉండగలిగే దారులు ఎన్ని అని చెప్పే కొలతనే ఎంట్రోపీ అంటారు, రబ్బరు బలం చాలా వరకు ఎంట్రోపీ నుంచే వస్తుంది.

ఇది కేవలం మాట కాదు, ఇంట్లో తేల్చుకోవచ్చు. కాస్త వెడల్పాటి రబ్బరు బ్యాండు తీసుకోండి, పై పెదవికి ఆనించండి, తర్వాత కొంచెం దూరం జరిపి గబుక్కున బాగా సాగదీసి వెంటనే మళ్లీ పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. సాగదీసే ఉంచి ఓ అర నిమిషం ఆగితే గది వేడికి వచ్చేస్తుంది, అప్పుడు గబుక్కున వదులు చేసి పెదవికి ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఇంగ్లండ్‌లో కెండల్ ఊరికి చెందిన జాన్ గఫ్ ఇదే పద్ధతిలో చూసి 1805లో రాశాడు, చిన్నప్పుడు మశూచితో చూపు పోయిన మనిషి ఆయన, థర్మామీటరు బదులు పెదవినే నమ్ముకున్నాడు. ఆయనే ఇంకోటి కూడా చెప్పాడు, బరువు వేలాడదీసిన రబ్బరుని వేడి చేస్తే అది సాగదు, ముడుచుకుని బరువుని పైకి లేపుతుంది అని. లోహపు తీగ వేడికి పొడవవుతుంది, ఇది పొట్టిదవుతుంది. తర్వాత జేమ్స్ జౌల్ జాగ్రత్తగా కొలిచి 1859లో దీన్ని నిర్ధారించాడు, అందుకే గఫ్-జౌల్ ఎఫెక్ట్ అంటారు. రబ్బరు బ్యాండుకి ఏదైనా బరువు కట్టి వేలాడదీసి హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి కొడితే బరువు కొద్దిగా పైకి లేవడం మీరే చూడొచ్చు, పక్కన స్కేలు పెట్టుకోండి, ఎందుకంటే లేచేది కొన్ని మిల్లీమీటర్లే. అలాగే మరీ చివరికంటా సాగిన బరువు కట్టకండి, తెగితే కంటికి తగులుతుంది.

గొలుసులు ముడుచుకునే లెక్క మొత్తం కట్టి ఫార్ములా చేసింది 1930ల్లో, 40ల్లో, కూన్, గూత్, మార్క్, ట్రెలోర్ లాంటివాళ్లు. ఆ ఫార్ములా చాలా సింపుల్. రబ్బరు ఎన్ని ఇంతలు సాగిందో ఆ నెంబర్ తీసుకోండి, అందులోంచి ఒకటిని ఆ నెంబర్ వర్గంతో భాగిస్తే వచ్చింది తీసేయండి, మిగిలిందాన్ని షియర్ మాడ్యులస్‌తో, అంటే ఆకారం మారకుండా ఆ పదార్థం ఎంత అడ్డుపడుతుందో చెప్పే నెంబర్‌తో గుణిస్తే ఇంజినీరింగ్ స్ట్రెస్ వచ్చేస్తుంది. రెండింతలు సాగితే 2 లోంచి పావు పోతే 1.75, మన స్ట్రిప్‌కి షియర్ మాడ్యులస్ 0.4 మెగాపాస్కల్ కాబట్టి స్ట్రెస్ 0.7. పైన చెప్పిన పొడవులన్నీ ఇందులోంచి వచ్చినవే. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆ షియర్ మాడ్యులస్ ఎక్కడి నుంచి వస్తుందనేది, ఒక ఘనపరిమాణంలో ఎన్ని గొలుసు ముక్కలున్నాయో వాటి సంఖ్యని బోల్ట్‌జ్‌మాన్ స్థిరాంకంతో, కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. 0.4 మెగాపాస్కల్ అంటే ఘన సెంటీమీటరుకి సుమారు 10 పవర్ 20 గొలుసు ముక్కలు. చేత్తో లాగి చూసిన గట్టిదనం నుంచి అణువుల లెక్క చెప్పేయొచ్చన్నమాట. ఉష్ణోగ్రత అందులోనే ఉంది కాబట్టి 27 డిగ్రీల నుంచి 57 డిగ్రీలకి, అంటే 300 కెల్విన్ నుంచి 330కి తీసుకెళ్తే, పొడవు కదలకుండా పట్టుకున్న రబ్బరు దాదాపు 10 శాతం ఎక్కువ బలంతో లాగుతుంది. స్టీలు మాడ్యులస్ వేడికి తగ్గుతుంది.

గొలుసు ముక్కలు అన్నాను కదా, ముక్కలు అంటే రెండు ముడుల మధ్య భాగం. ఈ ముడులే లేకపోతే గొలుసులు ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి, సాగదీస్తే అలాగే ఉండిపోతుంది, పచ్చి రబ్బరు సమస్య ఇదే, ఎండకి జిగురై చలికి బిరుసెక్కేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే ఇది పోతుందని కనిపెట్టాడు, 1844లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. గంధకం చేసేది గొలుసుకీ గొలుసుకీ మధ్య అక్కడక్కడా ముడి వేయడమే. కొంచెం గంధకం వేస్తే రబ్బరు బ్యాండు, మరీ ఎక్కువ వేస్తే ముడులు దగ్గరదగ్గరగా పడి ఎబోనైట్ అనే గట్టి పదార్థం అవుతుంది, అది ఇక సాగదు. చివర్లో గట్టిపడటం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది, ముడుల మధ్య గొలుసు పూర్తిగా విప్పుకునే దశకి వచ్చేస్తే ఇక విప్పుకోడానికి మెలికలు ఉండవు, పైగా నేచురల్ రబ్బరులో వరసగా వచ్చిన గొలుసులు పక్కపక్కన చేరి స్ఫటికాలు కూడా కడతాయి. సాగిన రబ్బరులో ఈ స్ఫటికాలని 1925లో కాట్జ్ ఎక్స్‌రేతో చూపించాడు. చీలిక మొదలైన చోట రబ్బరు బాగా సాగుతుంది కాబట్టి సరిగ్గా అక్కడే ఈ స్ఫటికాలు ఏర్పడి చీలికని ఆపుతాయి, విమానాల టైర్లలో, లారీ టైర్లలో ఇప్పటికీ నేచురల్ రబ్బరు ఎక్కువ వాడటానికి ఒక ముఖ్య కారణం ఈ గుణమే.

బెలూన్ ఊదేటప్పుడు మొదట్లో బుగ్గలు నొప్పి పుట్టి, ఓసారి ఉబ్బడం మొదలయ్యాక తేలికైపోతుంది కదా, అది కూడా ఈ ఫార్ములాలోనే ఉంది. గుండ్రటి బెలూన్‌కి లెక్క కడితే లోపలి ప్రెషర్ బెలూన్ వ్యాసం మొదటిదానికి 1.38 ఇంతలైన దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఉండి ఆ తర్వాత పడిపోతుంది, ఎందుకంటే పొర పల్చబడుతూ పోతుంది, వంపు తగ్గుతూ పోతుంది. అందుకే చిన్నగా ఊదిన బెలూన్ ఒకటి, పెద్దగా ఊదినది ఒకటి గొట్టంతో కలిపితే చాలాసార్లు చిన్నదాంట్లోంచే గాలి పెద్దదాంట్లోకి పోతుంది. ఒకసారి ఊది తీసేసిన బెలూన్ రెండోసారి ఇంకా తేలిగ్గా ఉబ్బడం మాత్రం వేరే విషయం, మొదటిసారి సాగినప్పుడు రబ్బరు కొంత మెత్తబడుతుంది, కార్బన్ కలిపిన రబ్బరులో మరీ ఎక్కువ, దీన్ని మల్లిన్స్ ఎఫెక్ట్ అంటారు. అంటే స్ట్రెస్ ఎంత అనేది ఇప్పటి స్ట్రెయిన్ మీదే కాదు, ఇంతకు ముందు ఎంత దాకా సాగింది అనేదాని మీద కూడా ఆధారపడుతుంది.

లాగేటప్పుడు గీసిన గ్రాఫ్, వదిలేటప్పుడు గీసిన గ్రాఫ్ కూడా ఒకటి కాదు, వదిలేటప్పుడు గీత కిందుగా వస్తుంది. ఈ రెండు గీతల మధ్య వైశాల్యం అంతా వేడిగా పోయిన శక్తి, దీని పేరు హిస్టరిసిస్, తెలుగు పుస్తకాల్లో శైథిల్యం. రోడ్డు మీద ఇది ప్రాణాల సమస్య. టైరు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా నేలకి ఆనిన భాగం నొక్కుకుని మళ్లీ విడుస్తుంది, ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. గాలి తక్కువ ఉంటే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, అంటే ప్రతి చుట్టుకీ స్ట్రెయిన్ ఎక్కువ, గ్రాఫ్‌లో ఆ వైశాల్యం ఎక్కువ, వేడి ఎక్కువ. మే నెలలో విజయవాడ హైవే మీద రోడ్డే కాలిపోతుంటే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు, రబ్బరుకీ లోపలి తీగల పొరలకీ మధ్య అతుకు వదిలేసి టైరు పేలుతుంది. ఎండాకాలం టైరు పేలుతుందని భయపడి గాలి తగ్గించి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి అలా చేయకండి, తగ్గిస్తే ఇంకా వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత గాలి పెట్టడమే సరైన పని.

వేడి ఒక చివర అయితే చలి ఇంకో చివర. వెనక్కి లాగేది వేడి కదలికే అయినప్పుడు, చల్లబడితే గొలుసులు బద్ధకిస్తాయి, వెనక్కి రావడం ఆలస్యమవుతుంది, ఇంకా చల్లబడితే గాజులా గట్టిపడతాయి, నేచురల్ రబ్బరుకి అది సుమారు మైనస్ 70 డిగ్రీల దగ్గర. కానీ అంత దాకా పోకముందే ప్రమాదం ఉంటుంది. 1986 జనవరి 28న ఫ్లోరిడాలో చాలెంజర్ స్పేస్ షటిల్ బయల్దేరినప్పుడు గాలి ఉష్ణోగ్రత 2 డిగ్రీల ప్రాంతంలో ఉంది, రాకెట్ బూస్టర్ అతుకుల్లో ఉన్న రబ్బరు ఓ-రింగులు ఆ చలికి నొక్కిన చోటు నుంచి వెంటనే తేరుకుని సందుని మూయలేకపోయాయి, వేడి వాయువులు బయటికొచ్చాయి, 73 సెకన్లకి షటిల్ ముక్కలై ఏడుగురూ చనిపోయారు. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని చిన్న క్లాంపులో బిగించి ఐస్ నీళ్లలో ఉంచి, తీసి విప్పి చూపించాడు, అది కొన్ని క్షణాల పాటు నొక్కినట్టే ఉండిపోయింది. రబ్బరు విషయంలో ఎంత స్ట్రెయిన్ నుంచి వెనక్కి వస్తుంది అన్నది సగం ప్రశ్నే, ఎంత టైంలో వస్తుంది అన్నది మిగతా సగం.

ఇంకొకటి చెప్పకపోతే బిటెక్ వాళ్లకి అన్యాయం చేసినట్టే. రబ్బరు ఆకారం మార్చడం తేలిక, ఘనపరిమాణం మార్చడం చాలా కష్టం. అన్ని వైపుల నుంచీ నొక్కితే దాని బల్క్ మాడ్యులస్ 2 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది, అంటే నీళ్లంత. అందుకే పాయిజాన్ నిష్పత్తి, అంటే పొడవుకి సాగినదాంతో పోలిస్తే పక్కలకి ఎంత సన్నబడుతుందో చెప్పేది, 0.5 కి చాలా దగ్గరగా 0.499 అలా ఉంటుంది, స్టీలుకి 0.3 చిల్లర. ఫ్లైఓవర్ పిల్లర్ పైన, గర్డర్ కింద నల్లటి దిమ్మలు కనపడతాయి చూడండి, వాటిలో ఎక్కువ భాగం రబ్బరు, లోపల పల్చటి స్టీలు ప్లేట్లు పొరలుగా ఉంటాయి. ఒట్టి రబ్బరు దిమ్మైతే బరువుకి పక్కలకి ఉబ్బి కిందికి దిగిపోతుంది, ప్లేట్లు ఆ పక్క ఉబ్బుని ఆపితే ఇక ఘనపరిమాణం తగ్గాల్సిందే కాబట్టి పైనుంచి నొక్కితే కదలదు, అడ్డంగా మాత్రం తేలిగ్గా జరుగుతుంది, ఎండకి గర్డర్ పెరిగినా సర్దుకుంటుంది. గుజరాత్‌లో 2001 భూకంపం తర్వాత కొత్తగా కట్టిన భుజ్ ఆసుపత్రిని ఇలాంటి రబ్బరు పొరల మధ్యలో సీసం దిమ్మ పెట్టిన బేరింగుల మీదే నిలబెట్టారు.

సాఫ్ట్‌వేర్‌లో రబ్బరు పార్ట్ సిమ్యులేషన్ చేసేటప్పుడు యంగ్స్ మాడ్యులస్ ఒకటి, పాయిజాన్ నిష్పత్తి 0.5 అని ఒకటి ఇచ్చేసి రన్ కొడితే లెక్క ఆగిపోవడం ఇందుకే, 0.5 పెడితే బల్క్ మాడ్యులస్ ఫార్ములాలో కింద సున్నా వస్తుంది. మెటీరియల్ లిస్టులో హైపర్‌ఎలాస్టిక్ అని ఉంటుంది, అందులో నియో-హుకియన్ అంటే పైన చెప్పుకున్న ఫార్ములానే, మూనీ-రివ్లిన్ అంటే 1940ల్లో మూనీ, రివ్లిన్ దానికి ఇంకో పదం చేర్చింది, మామూలు సాగుడికి వీటితో మొదలుపెట్టండి. సప్లయర్ ఇచ్చిన డేటాషీట్‌లో మాడ్యులస్ 300 శాతం, 10 మెగాపాస్కల్స్ అని ఉంటే అది యంగ్స్ మాడ్యులస్ అనుకుని నేరుగా ఎక్కించకండి, రబ్బరు ఇండస్ట్రీలో దాని అర్థం ముక్క 300 శాతం సాగినప్పుడు ఉన్న స్ట్రెస్ 10 మెగాపాస్కల్స్ అని, వాలు కాదు, ఒక బిందువు. డంబెల్ ఆకారంలో కోసిన ముక్కని నిమిషానికి 500 మిల్లీమీటర్ల స్పీడుతో, 23 డిగ్రీల దగ్గర లాగి తీసిన నెంబర్ అది సాధారణంగా, మీ పార్ట్ పనిచేసేది ఇంజిన్ పక్కన 90 డిగ్రీల దగ్గర అయితే ఆ వేడి దగ్గర టెస్ట్ చేసిన గ్రాఫ్ మొత్తం అడిగి తీసుకోండి.